మునిగిన నేలకొక పటము కావలెను

పులిచింతలవద్ద కృష్ణకు అడ్డముగా కట్టిన ఆనకట్టకు 2013 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగిన తరువాత, దాచేపల్లి ప్రాంతమునకు ఉత్తరపు హద్దున తరతరములుగా ప్రవహించుచుండిన నది, క్రమక్రమముగా ప్రవాహలక్షణమును విడిచి సరోవరరూపమును దాల్చినది. నాగార్జునసాగరమునకు దిగువను సుమారు 115 కిలోమీటర్ల దూరమున, ప్రకాశం బ్యారేజికి ఎగువను సుమారు 85 కిలోమీటర్ల దూరమున నిలిచి, డాక్టర్ కానూరి లక్ష్మణరావుగారి పేరు వహించిన ఈ జలాశయము, 175 అడుగుల పూర్తి మట్టమున 45.77 టీఎంసీల నీటిని పట్టును. వేసంగిలో ఇసుకతిన్నెలమీదుగా కాలినడకను సగము నదిని దాటి, మిగిలిన పాయను మాత్రము పడవలో దాటిన తరమువారు ఇంకను మనమధ్య నున్నారు. వారి కన్నుల యెదుటనే ఆ తిన్నెలు, ఆ పాయలు, ఆ గట్లు నీటి అడుగునకు పోయినవి. ఈ నీటిమీద ప్రతిదినము పడవలు తిరుగుచున్నవి. ఈ నీటి అడుగున ఏమున్నదో చూపెడు పటము మాత్రము, నేనెరిగినంత, ఏ పడవవాని చేతను లేదు. పులిచింతల మొదలుకొని నాగార్జునసాగరము వరకు మన జలాశయములకు నావికాపటములను తయారుచేయించి, పడవ నడుపువాడు చదువుకొనగల తెలుగులో రేవు రేవునను వానిని నిలుపవలెనని నా విన్నపము.

పడవతో పని యెవరికని అడుగువారు ఉండవచ్చును. ఈ దరి తంగెడకును ఆ దరి మట్టపల్లికిని నడుమ వారధి వచ్చినది గదా, బల్లకట్టుల కాలము గడచినది గదా యనవచ్చును. వారధి లారీలకును బస్సులకును వచ్చినది. వల వేయువాడు వారధిమీదనుండి వేయడు. తెల్లవారుజామున చీకటి విడకముందే నాటుపడవమీదనో, వెదురుదబ్బలతో అల్లిన గుండ్రని పుట్టిమీదనో బయలుదేరి, ముందునాటి సాయంకాలము కట్టివచ్చిన వలలను ఎత్తుకొనుటకు పోవు మత్స్యకారుల కుటుంబములు ఈ ఒడ్డుననే కాపురమున్నవి. వారిలో కొందరు తూర్పుతీరమునుండి తరలివచ్చి, సముద్రమును విడిచి ఈ మంచినీటిని నమ్ముకొన్నవారు. మిరపకోతల కాలమున కూలీలు ఈ దరినుండి ఆ దరికి పడవలలో దాటుట పల్నాటివారికి క్రొత్త సంగతి కాదు. కార్తికమాసమున స్నానములకును దీపములకును వచ్చు యాత్రికులు, నీటిమీద కొంతసేపు విహరింపవలెనని ముచ్చటపడి, ఏ పడవ కనబడిన ఆ పడవ నెక్కుదురు. ఎగువన విజయపురి సౌత్ రేవునుండి నాగార్జునకొండకు పోవు లాంచీలలో బడిపిల్లలు, విదేశీయులు, బౌద్ధయాత్రికులు ప్రయాణము చేయుచున్నారు. వీరందరి ప్రాణములును సరంగుయొక్క జ్ఞాపకశక్తిమీద ఆధారపడియున్నవి.

ఆ జ్ఞాపకశక్తిని నేను తక్కువ చేయను. నదిమీద పెరిగినవాడు నీటి రంగును బట్టి లోతు చెప్పును, సుడి తిరుగు తీరును బట్టి క్రింద రాయి యున్నదో గొయ్యి యున్నదో చెప్పును, గడ వేసినంతనే చేతికి తగిలెడు అదురును బట్టి ఇసుకయో బురదయో రాతిపలకయో చెప్పును. ఇట్టి విద్య పుస్తకములలో దొరకదు. కాని ఈ విద్యకు ప్రవాహమే ఆధారము. పారెడు నీరు తన క్రిందనున్న అడ్డంకిని ఉపరితలమున ఏదో యొక చిహ్నముతో తెలియజేయును. నిలిచిన నీరు అట్లు తెలియజేయదు. ఆరడుగుల లోతుననున్న మొండిగోడమీదను, అరువదియడుగుల మడుగుమీదను సరోవరము ఒకే తీరుగా, ఒకే నునుపుతో పరచుకొని యుండును. తన యింటిలో దీపము లేకున్నను తడబడక నడువగలవాడు, ఆ యింటిలోని సామానంతయు ఒక రాత్రి చోటు మారినచో ఎట్లు కొట్టుకొనునో, నదిని కంఠస్థము చేసిన పడవవాడును జలాశయమున అట్లే కొట్టుకొనును. ఒకనాడు రేవున ఒక వృద్ధ మత్స్యకారుని, “ఏమయ్యా, ఆ నడిమిచోట లోతెంత యుండును?” అని అడిగితిని. “ఏ నెలలో అడుగుతున్నారయ్యగారూ? శ్రావణంలో ఒక లెక్క, చైత్రంలో ఒక లెక్క. చైత్రంలో అక్కడ చింతమొద్దు తేలుతుంది, వల పట్టుకుంటే ఇక వదలదు,” అని యతడు చెప్పెను. చింతమొద్దు ఎక్కడనున్నదో అతనికి తెలియును. అతని కుమారునికి కొంత తెలియును. కార్తికమున యాత్రికులను ఎక్కించుకొని వచ్చు పొరుగూరి పడవవానికి ఏమియు తెలియదు.

నీటి అడుగుననున్నవి చింతమొద్దులు మాత్రమే కావు. ముంపునకు లోనైన గ్రామముల మొండిగోడలు, రాతి అరుగులు, బావుల ఒరలు, చేలగట్లు, నాపరాతి గనుల గోతులు అన్నియు అక్కడనే యున్నవి. ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే 17వ శతాబ్దమున వచ్చి చూచిన కొల్లూరు వజ్రపుగనులు, కోహినూరు పుట్టినిల్లని లోకమున వాడుకలోనున్న ఆ గోతులు సయితము, ఈ జలాశయగర్భముననే అణగియున్నవి. ఒడ్డుచేరువను మరియొక చిక్కు కలదు: మిరపకును ప్రత్తికిని నీరు తోడుటకు రైతులు దింపిన పైపులు, మోటారుతీగలు, వానిని నిలుపుటకు నాటిన గుంజలు. నీరు పెరిగినప్పుడు గుంజ మునుగును. దానిమీదుగా పోవు పడవయొక్క మరచక్రమునకు తీగ చుట్టుకొనును. పడవ తిరుగబడుటకు తుపాను అక్కరలేదు. పదునైదుగురు ఒక్కసారి భయపడి ఒకవైపునకు ఒరిగిన చాలును.

నావికాపటమనగా రంగుల బొమ్మ యని కొందరు తలంచుచున్నారు. కాదు, అది కూడికలు, తీసివేతలు తెలిసినవాడెవడైనను ఉపయోగించుకొనగల లెక్కల పత్రము. సముద్రపు పటములలో, నీరు మిక్కిలి తగ్గినప్పటి మట్టమును మూలముగా గ్రహించి, అక్కడక్కడ లోతులను అంకెలతో వేయుదురు. సముద్రమున ఆటుపోటులు చాలచోట్ల కొన్ని అడుగులలోననే యుండును గనుక ఆ పద్ధతి చెల్లును. మన జలాశయముల సంగతి వేరు. నాగార్జునసాగరపు పూర్తి మట్టము 590 అడుగులు; కాలువలకు నీరిచ్చుటకు నిర్ణయించిన కనిష్ఠ మట్టము 510 అడుగులు; నడుమ 80 అడుగుల అంతరము. ఇట్టి చోట లోతును వ్రాయుటకంటె, అడుగుభాగపు ఎత్తును వ్రాయుట మేలు. ఎట్లనగా, పులిచింతల పటములో ఒక గట్టు కొమ్మున 168 అని వ్రాసియున్న దనుకొందము. నాటి ఉదయమున రేవులోని పలకమీద జలాశయమట్టము 172 అని సుద్దతో వ్రాసియున్న దనుకొందము. 172లో 168 తీసివేయగా గట్టుపై 4 అడుగుల నీరు. లాంచీ, జనముతో నిండినప్పుడు, 3 అడుగులు నీటిలోనికి దిగును. మిగిలినది ఒక్క అడుగు. గాలి లేనినాడు ఆ అడుగుతో దాటవచ్చును. గాలి లేచి అలలు రెండడుగుల యెత్తున ఊగుచున్నచో, అల పల్లమున పడిన ప్రతిసారియు లాంచీ అడుగుపలక రాతిని తాకును. కావున ఆనాడు చుట్టుదారిని పోవలెను. ఈ తీసివేతను ఐదవ తరగతి చదివిన బాలుడు చేయగలడు. అతనికి ఆ 168 అను అంకె ఇచ్చువారే లేరు.

ఆ రెండవ అంకె, అనగా నాటి మట్టము, ఎంత ముఖ్యమో 2021 ఆగస్టు నెల మనకు తెలిపినది. ఆ నెల 5వ తేదీన పులిచింతల 16వ గేటు ఊడి కొట్టుకొనిపోయినది. దానిస్థానమున స్టాప్‌లాగ్ అను తాత్కాలికపు అడ్డుపలకను అమర్చుటకై నిలువయున్న నీటిలో అధికభాగమును దిగువకు విడువవలసివచ్చినది. నిండుకుండవలె నుండిన జలాశయము కొలదిదినములలోనే ఒదిగిపోయి, వారము క్రిందట పడవలు నిశ్చింతగా పోయిన దారులలో గట్లు తలలెత్తినవి. సాధారణ సంవత్సరములలోను సాగునీటికై విడుదల మొదలైనచో మట్టము దినదినమునకు తగ్గుచుండును. నేడు ఆ మట్టమును పత్రికలలో చూచువారు కాలువల రైతులు, ఇంజనీర్లు. ఒడ్డున నిలిచిన పడవవానికి దానిని తెలుపు పలక యొక్కటియు లేదు.

జలాశయముల అడుగుభాగమును కొలుచుట మన ప్రభుత్వములకు చేతకాని పని యైనచో నేనింత గట్టిగా వ్రాయను. కొలిచినారు, పలుమారులు కొలిచినారు. నాగార్జునసాగరపు నిలువసామర్థ్యము నిర్మాణకాలమున 408 టీఎంసీలని లెక్క. నేడు మనము చదువుచున్న లెక్క 312 టీఎంసీలు. ఈ తొంబదియారు టీఎంసీల తరుగుదల ఊహవలన తెలిసినది కాదు; పూడిక ఎంత చేరినదో జలాశయగర్భమును సర్వేచేసి తేల్చినది. పులిచింతల సంగతియు నంతియే: ఏ మట్టమున ఎంత నీరు నిలుచునో చెప్పు పట్టిక తయారగుటకు ముందు, ముంపునకు లోనగు నేలయంతటికిని సమోన్నతరేఖలు గీయక తీరదు, ఏ సర్వేనెంబరు మునుగును, ఏ యిల్లు మునుగును, ఎవరికెంత పరిహారము అని తేల్చుటకు అడుగడుగు కొలిచిరి. నీటి లెక్కకు, పరిహారపు లెక్కకు ఆ కొలతలు ఉపయోగపడినవి. మనుష్యుని ప్రాణరక్షణకు మాత్రము ఇంతవరకు ఉపయోగపడలేదు. ఆ కాగితములను బీరువాలనుండి బయటికి తీసి, పూడికవలన వచ్చిన మార్పులను క్రొత్త సర్వేతో సరిచూచి, పడవవాని కన్నుతో మరల గీయింపవలెనని మాత్రమే అడుగుచున్నాను. కొండను త్రవ్వి సొరంగము చేయుమని అడుగుటలేదు.

నాగార్జునకొండ లోయవిషయమున ఇది మరింత స్పష్టము. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు సాగరమునకు శంకుస్థాపన చేయుటకు ముందే, 1954లో, పురావస్తుశాఖవారు ఆ లోయలో త్రవ్వకములు ఆరంభించి, ఆర్. సుబ్రహ్మణ్యంగారి పర్యవేక్షణమున 1960 వరకు ఇక్ష్వాకుల విజయపురిని శోధించిరి. విహారములు, చైత్యములు, స్నానఘట్టములు, రంగస్థలము, యజ్ఞవేదికలు ఎక్కడెక్కడ నున్నవో పటములకెక్కించి, కొన్నిటిని కొండమీదికిని, కొన్నిటిని అనుపునకును తరలించి తిరిగి నిలిపిరి. ఒక మహాసరోవరము పుట్టకముందే దాని గర్భమును పండితులు ఇంత శ్రద్ధతో కొలిచియుంచిన సందర్భములు లోకమున అరుదు. నేడు ఆ లోయమీదుగా లాంచీలో కొండకు పోవు యాత్రికునకు, తన క్రింద ఏ విహారము నిద్రించుచున్నదో చూపగల పటము, సరంగునకు ఏ గట్టును తప్పుకొనవలెనో చూపగల పటము ఒక్కటే కావచ్చును. విజ్ఞానమునకును రక్షణకును ఇటువంటి కలయిక మరియొకచోట దొరకదు.

అన్యదేశములలో పెద్ద సరస్సులకు పటములు ఎట్లు వచ్చినవో చూచినచో మన కర్తవ్యము స్పష్టమగును. అమెరికా సంయుక్తరాష్ట్రములు తమ మహాసరస్సులను కొలుచుటకై 1841లోనే ప్రత్యేకమైన సర్వేను స్థాపించినవి. కెనడా ఆలస్యము చేసినది. 1882 సెప్టెంబరులో హ్యూరన్ సరస్సునకు చేరిన జార్జియన్ అఖాతమున ‘ఆసియా’ యను ఆవిరిఓడ తుపానులో మునిగి, నూటికి పైగా జనము గతించి, ఇద్దరు మాత్రము బ్రతికి ఒడ్డు చేరిరి. ఆ దుఃఖమునుండి 1883లో జార్జియన్ అఖాతపు సర్వే పుట్టినది. బ్రిటిషు నౌకాదళాధికారి బౌల్టన్ దానికి నాయకుడాయెను. నేటి కెనడా జలసర్వేసంస్థకు అదియే మూలము. ఆ సర్వేకు ప్రేరణ మృతులవలన వచ్చినది. ఆఫ్రికాలో ఘానాదేశపు వోల్టా జలాశయము మన జలాశయములకు మరింత దగ్గరి చుట్టము: 1965లో పూర్తియైన అకొసోంబో ఆనకట్ట వెనుక నీరు నిలిచినప్పుడు అడవి నరుకకయే మునిగినది, ఆ చెట్ల మొద్దులకు తగిలి పడవలు పగులుట అక్కడి ప్రజలకు దీర్ఘకాలపు శోకమై, చివరకు మొద్దులను తొలగించుటకు ప్రభుత్వము పూనుకొనవలసివచ్చినది. జింబాబ్వే, జాంబియాల నడుమనున్న కరీబాలో, నీరు నిలుపుటకు ముందే, చేపలవేట సాగవలసిన తావులలో చెట్లు నరికించిరి.

మనకు ప్రేరణము కావలసియున్నచో అది ఎప్పుడో వచ్చినది. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారమున, ఇబ్రహీంపట్నంవద్ద పవిత్రసంగమమును చూడబోయిన పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి; వారిలో అధికులు మన ఒంగోలువారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిమీద కచ్చులూరువద్ద ‘రాయల్ వశిష్ఠ’ మునిగినప్పుడు, ఎక్కిన 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి. అచట నదీగర్భమున ఏమున్నదో, లోతెంతయో, ఆ పడవ ఏ తావున నిలిచియున్నదో తెలిసికొనుటకు సోనార్ యంత్రములు తెప్పించి దినములకొలది వెదకిరి. తుదకు కాకినాడ ప్రాంతపు ధర్మాడి సత్యంగారి బృందము, యంత్రములకంటె అనుభవమును ఎక్కువ నమ్మి, లంగరులు వేసి, తాళ్లు బిగించి, అక్టోబరు 22న దానిని ఒడ్డునకు లాగెను. మునిగిన పడవకొరకు వెచ్చించిన ఆ శ్రమలో పదవవంతు, పడవ బయలుదేరకముందు ఆ దారిని కొలుచుటకు వెచ్చించియుండినచో అను తలంపు అప్పటినుండి నన్ను విడువలేదు. ఆ తరువాత 2020లో రాష్ట్రప్రభుత్వము తొమ్మిది కంట్రోల్ రూములను నెలకొల్పినది. నాగార్జునసాగరమునను శ్రీశైలమునను అట్టివి ఏర్పడినవి. అది మంచి పని. ప్రయాణికుల లెక్క, అనుమతిపత్రము, లైఫ్ జాకెట్టు, వరదకాలపు నిషేధము చూచుటకు అవి యుపకరించును. కాని గదిలో కూర్చుండినవానికిని, చుక్కాని పట్టినవానికిని నడుమ ఉమ్మడిగా చూచుకొనదగిన పటము లేనిచో, “మీరెక్కడ నున్నారు?” అను ప్రశ్నకు “నడినీటిలో” అను ఉత్తరమే వచ్చును.

అధికజనము నెక్కించుటవలన, లైఫ్ జాకెట్టు కట్టుకొనకపోవుటవలన, అనుమతి లేని పడవలవలన ప్రమాదములు జరుగుచుండగా పటములనెందుకు పట్టుకొని వ్రేలాడవలెనని విజ్ఞులైన మిత్రులు నన్నడిగిరి. వారి మాట సత్యము. ముప్పదిమందికి తగిన పడవలో అరువదిమందిని ఎక్కించిన పిమ్మట ఏ పటమును రక్షింపజాలదు. అయినను, నియమములన్నియు పాటించి, తగినంత జనముతో, జాకెట్లతో బయలుదేరిన పడవయు రాతిని తాకవచ్చును గదా. ఆ తాకుడును తప్పించునది పటమొక్కటే. మరికొందరు, సెల్‌ఫోనులో మ్యాపు ఉన్నది గదా యనుచున్నారు. ఫోనులోని మ్యాపు మీరు నీటిమీద ఎక్కడ నున్నారో చుక్క పెట్టి చూపును. ఆ చుక్కక్రింద నాలుగడుగుల నీరున్నదో నలువదియడుగుల నీరున్నదో చూపదు. జలాశయమంతయు దానికి ఒకే నీలిరంగు. తీరమునకు దూరముగా సంకేతము అందని తావులును కలవు. నీటిలో పడిన ఫోను పనిచేయకపోవచ్చును. నీరు తగులకుండ ప్లాస్టిక్కుతొడుగు వేసిన కాగితపు పటము, ఒక చిన్న దిక్సూచి, ఈ రెండును చుక్కానివద్ద నుండవలెను.

వానిని వాడు విధము కష్టమైనది కాదు. తంగెడ కోట బురుజు దిక్సూచిలో ఏ దిశన కనబడుచున్నదో చూచి, పటముమీద ఆ బురుజునుండి ఒక గీత గీయవలెను. మట్టపల్లి నృసింహాలయపు గోపురము ఏ దిశన నున్నదో చూచి, అచటనుండి మరియొక గీత గీయవలెను. గీతలు రెండును కలిసిన చోటనే పడవ యున్నది. సిమెంటు కర్మాగారపు పొగగొట్టము మూడవ గుర్తుగా దొరకినచో, తప్పు దొరలినను తెలిసిపోవును. మన పూర్వులు గుళ్ల గోపురములను ఎత్తుగా కట్టిన ప్రయోజనములలో దారి తప్పినవానికి దిక్కు చూపుట యొకటియని నా నమ్మకము. పుష్యమాఘమాసములలో ప్రొద్దెక్కినదాక నీటిపై మంచు కమ్మియున్నప్పుడు గోపురమును కనబడదు. అప్పుడు బయలుదేరకముందే పటముమీద దారిని గీసి, దిక్సూచి చూపిన దిశను పట్టి, ఇంత వేగముతో ఇన్ని నిమిషములు అని లెక్కించుకొని పోవలెను. ఆ లెక్క తెలియనివాడు మంచు విడుదాక రేవునుండి కదలకుండుటయే విధి. వైశాఖజ్యేష్ఠములలో సాయంవేళ లేచు గాలిదుమారము మరింత ప్రమాదకరము. వెనుకటి నదిలో గాలికి అల లేచుటకు చోటు లేదు. విశాలమైన జలాశయమున గాలి ఎంత దూరము అడ్డములేక వీచునో అల అంతంత పెరుగును. ఏ గాలికి ఏ ఒడ్డు మరుగు ఇచ్చును, ఏ వంకలోనికి పోయి తలదాచుకొనవచ్చును, ఆ వంకముఖమున నీరెంత అను సంగతులు పటము ముందుగా చెప్పును.

ఈ పని ఎవరిదని ప్రశ్నించినచో, చట్టములు ఇప్పటికే సమాధానము చెప్పుచున్నవి. 2008లో ప్రకటింపబడిన 4వ జాతీయజలమార్గములో నల్లగొండజిల్లా వజీరాబాదునుండి విజయవాడవరకు 157 కిలోమీటర్ల కృష్ణ చేరియున్నది. మన దాచేపల్లి తీరము ఆ మార్గమున నున్నది. అట్టి మార్గములను సంరక్షించుటకై 1986లో ఏర్పడిన అంతర్గతజలమార్గముల సంస్థ, గంగవంటి నదులకు ఎలక్ట్రానిక్ పటములు తయారుచేయించినది. ముక్త్యాలనుండి విజయవాడ దాక తొలిదశ పనులకు 2017 అక్టోబరులో వెంకయ్యనాయుడుగారు శంకుస్థాపన చేసిరి. జలమార్గమని పేరుపెట్టిన పిమ్మట ఆ మార్గమును చూపు పటమును పడవవారికి అందించుట ధర్మము. 1917నాటి పాతచట్టము స్థానమున వచ్చిన 2021 అంతర్గతనౌకల చట్టము, మరపడవలకు రిజిస్ట్రేషనును, యంత్రములేని పడవలకు స్థానికసంస్థలవద్ద నమోదును విధించుచున్నది. అట్లయినచో పంచాయతీవద్ద పడవ పేరు వ్రాసికొన్ననాడే, ఆ పడవవానికి పటపు ప్రతి నొకదానిని ఉచితముగా చేతికిచ్చి, దానిని చదువు విధమును రెండుదినములు నేర్పుటకు ఏమి అడ్డు? మత్స్యశాఖవారు, నీటిపారుదలశాఖవారు, పర్యాటకశాఖవారు ముగ్గురును కలిసి కూర్చుండవలసిన పని యిది. ఎవరికి వారు తమది కాదనుకొన్నందువలననే ఇది నిలిచిపోయినది.

పటముతోపాటు నీటిమీద గుర్తులును ఉండవలెను. భారతదేశమునందు ఓడరేవులలో, సముద్రమునుండి లోనికి వచ్చు నావికునకు ఎడమవైపున ఎర్రని తేలుడుగుర్తులు, కుడివైపున ఆకుపచ్చనివి నిలుపుదురు. అమెరికా ఖండములలో ఇది తలక్రిందుగా నుండును. చుట్టును నీరుండి నడుమ దాగిన ఒంటిరాతికి, నల్లని కంబము, నడుమ ఎర్రని పట్టీ, కొనను రెండు నల్లని గోళములు గుర్తు. లోకమంతట నావికులు ఈ చిహ్నమును చూచినంతనే దూరముగా తొలగుదురు. ఇట్టి కంబములు పదియో ఇరువదియో నిలిపినచో, అక్షరము రాని పుట్టివాడును వానిని చదువుకొనగలడు. ఏ రాయి ఎక్కడ నున్నదో చూపుటకు మన మత్స్యకారులు సిద్ధముగనే యున్నారు. వారు చెప్పినదానిని సర్వేయరు కొలతతో సరిచూచుకొని పటమున వ్రాసినచో, ఆ ముసలివాని చింతమొద్దు అతనితో పోక, పరులకును ఉపయోగపడును.

నీటిమీద పోవువానికి అభయమిచ్చుట రాజధర్మమని మన నేల ఏనాడో ఎరుగును. 1244లో కాకతీయ గణపతిదేవచక్రవర్తి మోటుపల్లి రేవులో వేయించిన శాసనము, తుపానులకు చిక్కి తీరమున పడిన ఓడలలోని వస్తువులను పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనుచుండిరనియు, తాను అట్లు చేయక, నిర్ణీతమైన సుంకముమాత్రము గ్రహించి మిగిలినదంతయు వర్తకులకే విడుతుననియు ప్రకటించినది. ద్వీపాంతరములనుండి వచ్చు పరాయి వర్తకునకు ఆ చక్రవర్తి ఇచ్చిన భరోసాను, తన తీరమున వలలు కట్టుకొని బ్రతుకు స్వజనులకు నేటి ప్రజాప్రభుత్వము ఇవ్వలేకపోవుటకు కారణము కానరాదు.

కృష్ణకు పుష్కరములు 2016 ఆగస్టులో వచ్చినవి. మరల 2028లో రానున్నవి. ఆ పండ్రెండు దినములలో మట్టపల్లికిని, ఈ ఒడ్డుననున్న ఘట్టములకును లక్షలజనము దిగును. ఆ కాలము వర్షర్తువు, జలాశయము నిండుచుండు కాలము, అడుగున నున్నదేదియు కంటికి కనబడని కాలము. కనుక కొలతలకు తగిన అదను దానికి ముందు వచ్చు వేసవులే. చైత్రవైశాఖములలో మట్టము తగ్గి గట్లు, మొద్దులు, మొండిగోడలు బయటపడినప్పుడు, సర్వేయరు ఒకడు, నీటిపారుదలశాఖ ఇంజనీరు ఒకడు, ఈ రేవులలోని మత్స్యకారులు నలుగురు కలిసి ఒక్కొక్కదానివద్దకు నడచిపోయి, దాని కొన ఎత్తును కొలిచి, రంగువేసి, అంకె వ్రాసి రాగలరు. సోనార్ దింపవలసిన లోతులు అప్పటికి సగమే మిగులును. తంగెడ, రామాపురము రేవులలో, వారధిక్రింద, మట్టపల్లి ఘట్టమున నాలుగు మట్టపుపలకలు నిలుపుటకు ఒక వారము చాలును. వానిమీద ప్రతి ఉదయము అంకె వ్రాయు పనిని పంచాయతీ ఉద్యోగి కొకనికి అప్పగించిన చాలును. ఈ వేసవిలోనే ఆ పలకలతో పని మొదలుపెట్టవలెనని జిల్లా అధికారులను, ప్రాజెక్టు ఇంజనీర్లను వేడుకొనుచున్నాను.